విశాఖపట్నం – రాజమండ్రి విమానాశ్రయాల మధ్య దూరము

విశాఖపట్నం – రాజమండ్రి విమానాశ్రయాల మధ్య దూరము గగన మార్గమున, అనగా భూమి ఉపరితలంపై అతి తక్కువ దూరముగా లెక్కించినపుడు, సుమారు 164 కిలోమీటర్లు. ఇది సుమారు 89 నాటికల్ మైళ్ళకు సమానము. ఈ రెండు విమానాశ్రయాలు ఆంధ్ర ప్రదేశ్ కోస్తా ప్రాంతమునకు చెందినవి. వీటి నడుమ ప్రాంతమున, విశాఖపట్నానికి చేరువగా, చోడవరం పట్టణము ఉన్నది.

రెండు విమానాశ్రయాల మధ్య దూరము ఒకే సంఖ్య అని సాధారణముగా భావిస్తారు. వాస్తవానికి పటముపై కొలిచిన దూరము, విమానము ఎగిరిన దూరము, రోడ్డు దూరము, ప్రయాణికుడు తన ఇంటినుండి గమ్యము వరకు గడచిన దూరము అనేవి వేరువేరు. ఏ పనికి ఏ దూరమును తీసుకొనవలెనో తెలియనిచో విమాన ప్రయాణమువలన కలిగే లాభనష్టాలను అంచనా వేయుట సాధ్యము కాదు. ఈ వ్యాసములో చోడవరం పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ దూరాల లెక్క వివరించబడినది.

రెండు విమానాశ్రయాలు

విశాఖపట్నం విమానాశ్రయము నగరానికి పశ్చిమాన, ఎన్.ఎ.డి. కూడలికి, గాజువాకకు మధ్య, జాతీయ రహదారిని ఆనుకొని ఉన్నది. ఇక్కడి రన్‌వే భారత నౌకాదళానికి చెందిన ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరములో భాగము. 1981 నుండి ఇక్కడ పౌర విమానాలు నడిచినవి. సుమారు 10,000 అడుగుల (సుమారు 3,050 మీటర్ల) కొత్త రన్‌వే 2007లోను, కొత్త టెర్మినల్ 2009లోను వినియోగములోకి వచ్చినవి.

రాజమండ్రి విమానాశ్రయము మధురపూడి గ్రామము వద్ద, నగరానికి ఉత్తరాన సుమారు 18 కిలోమీటర్ల దూరములో కలదు. ఇది బ్రిటిషు వారి కాలములో నిర్మించబడినది. 1980లలో వాయుదూత్ సంస్థ ఇక్కడికి విమానాలు నడిపినది. కొత్త టెర్మినల్ 2012లో ప్రారంభమైనది. 2015లో నగరము పేరు అధికారికముగా రాజమహేంద్రవరముగా మారినను, వాడుకలో రాజమండ్రి అనే పేరు కొనసాగుచున్నది.

చోడవరం స్థానము

చోడవరం విశాఖపట్నం జిల్లాలో ఉండెడిది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. స్వయంభూ విఘ్నేశ్వరాలయము, సమీపములోని గోవాడ సహకార చక్కెర కర్మాగారము ఈ ప్రాంతానికి గుర్తింపు తెచ్చినవి. భీమునిపట్నం – నర్సీపట్నం రోడ్డు (బి.ఎన్. రోడ్డు) ఈ ఊరి మీదుగా పోవుచున్నది. చోడవరానికి రైల్వే స్టేషను లేదు. హౌరా – చెన్నై ప్రధాన రైలు మార్గముపై ఉన్న అనకాపల్లి స్టేషనుకు రోడ్డుపై సుమారు 20 కిలోమీటర్లు వెళ్ళవలెను.

చోడవరం నుండి విశాఖపట్నం విమానాశ్రయము గగన దూరములో సుమారు 31 కిలోమీటర్లు. రాజమండ్రి విమానాశ్రయము సుమారు 144 కిలోమీటర్లు. ఈ రెండింటిని కూడిన 175 కిలోమీటర్లు అగును. విమానాశ్రయాల మధ్య నేరు దూరము మాత్రము 164 కిలోమీటర్లే. చోడవరం ఆ రెండింటిని కలిపే సరళ రేఖపై కాక, దానికి ఉత్తరాన 20 కిలోమీటర్లకు పైగా దూరములో ఉండుటయే ఈ తేడాకు కారణము. త్రిభుజములో ఏ రెండు భుజముల మొత్తమైనను మూడవ భుజముకంటె ఎక్కువ అనే సూత్రము ఇక్కడ కనిపించును.

గగన దూరమును లెక్కించు విధానము

భూమి గోళాకారములో ఉన్నందున దాని ఉపరితలముపై రెండు స్థలాల మధ్య అతి తక్కువ దూరము మహావృత్తముపై ఉంటుంది. భూ కేంద్రమే తన కేంద్రముగా గల వృత్తమును మహావృత్తము అంటారు. భూమధ్యరేఖ, రేఖాంశములు మహావృత్తాలకు ఉదాహరణలు. భూమి సగటు వ్యాసార్థమును 6,371 కిలోమీటర్లుగా తీసుకొని, రెండు స్థలాల అక్షాంశ రేఖాంశాలనుండి మహావృత్త దూరమును త్రికోణమితి సహాయముతో కనుగొందురు. దీనికి ఎక్కువగా వాడేది హేవర్‌సైన్ సూత్రము.

తక్కువ దూరాలకు ఇంత కష్టపడనవసరము లేదు. పాఠశాల విద్యార్థికి తెలిసిన పైథాగరస్ సిద్ధాంతము సరిపోవును. విశాఖపట్నం విమానాశ్రయము 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశము వద్ద ఉన్నది. రాజమండ్రి విమానాశ్రయము 17.11 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 81.82 డిగ్రీల తూర్పు రేఖాంశము వద్ద ఉన్నది. లెక్క ఈ విధముగా సాగును:

* అక్షాంశాల తేడా 0.61 డిగ్రీలు. ఈ ప్రాంతములో ఒక డిగ్రీ అక్షాంశము సుమారు 110.7 కిలోమీటర్లు. కావున ఉత్తర దక్షిణాల తేడా సుమారు 67.5 కిలోమీటర్లు.
* రేఖాంశాల తేడా 1.40 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాలవైపు పోనుపోను దగ్గరగును. భూమధ్యరేఖ వద్ద ఒక డిగ్రీ రేఖాంశము 111.3 కిలోమీటర్లు కాగా, 17.4 డిగ్రీల అక్షాంశము వద్ద అది సుమారు 106.2 కిలోమీటర్లు. కావున తూర్పు పడమరల తేడా సుమారు 148.7 కిలోమీటర్లు.
* ఈ రెండింటి వర్గాల మొత్తము సుమారు 26,670. దాని వర్గమూలము సుమారు 163.3 కిలోమీటర్లు.

అక్షాంశ రేఖాంశాలను నాలుగు దశాంశ స్థానాల వరకు తీసుకొన్నచో ఫలితము 164 కిలోమీటర్లకు చేరువగును. రెండు దశాంశ స్థానాలకు కుదించుట వలన అర కిలోమీటరుకు పైగా తేడా వచ్చినదని గమనించవచ్చును.

ఇంత తక్కువ దూరములో భూమి వంపు ప్రభావము స్వల్పము. 164 కిలోమీటర్ల వంపు దారికి బదులు భూమిలోనుండి నేరుగా సొరంగము తవ్వి కొలిచినను తేడా 5 మీటర్ల లోపే ఉండును. విమానము 5 కిలోమీటర్ల ఎత్తున ఎగిరినపుడు పెరిగే దూరము కూడ సుమారు 130 మీటర్లు మాత్రమే. ఖండాంతర ప్రయాణాలలో మాత్రము చదునైన పటముపై గీసిన గీతకు, మహావృత్త మార్గానికి వందల కిలోమీటర్ల తేడా రావచ్చును.

ఎక్కడినుండి ఎక్కడికి కొలుస్తారు?

విమానాశ్రయము కొన్ని కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉంటుంది. కావున ప్రతి విమానాశ్రయానికి ఒక ప్రమాణ బిందువును నిర్ణయిస్తారు. సాధారణముగా ఇది విమానాశ్రయపు తొలి లేక ప్రణాళికలోని జ్యామితీయ కేంద్రానికి సమీపములో ఉంటుంది. ఈ బిందువుల మధ్య దూరమునే విమానాశ్రయాల మధ్య దూరముగా పరిగణిస్తారు. ప్రపంచమంతటా ఒకే కొలమానము ఉండునట్లు, 1998 జనవరి 1 నుండి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ డబ్ల్యు.జి.ఎస్.-84 అనే భౌగోళిక ప్రమాణమును అమలులోనికి తెచ్చినది. నేటి జి.పి.ఎస్. పరికరాలు వాడేది కూడ ఇదే ప్రమాణము.

ఊళ్ళ మధ్య దూరము, విమానాశ్రయాల మధ్య దూరము ఒకటి కావు. విశాఖపట్నం, రాజమండ్రి రైల్వే స్టేషన్ల మధ్య గగన దూరము సుమారు 180 కిలోమీటర్లు. విమానాశ్రయాల మధ్య దూరము దానికంటె సుమారు 16 కిలోమీటర్లు తక్కువ. విశాఖపట్నం విమానాశ్రయము నగరానికి పశ్చిమాన, రాజమండ్రి విమానాశ్రయము నగరానికి ఉత్తరాన ఉండుటచే ఇవి ఒకదానికొకటి చేరువైనవి. విమానము తగ్గించిన ఈ దూరమును ప్రయాణికుడు తిరిగి రోడ్డుపై గడపవలసి వచ్చును.

నాటికల్ మైలు

విమానయానములో దూరమును నాటికల్ మైళ్ళలోను, వేగమును నాట్లలోను చెప్పుదురు. మహావృత్తముపై ఒక డిగ్రీలో 60వ వంతు, అనగా ఒక నిమిషము, సుమారు ఒక నాటికల్ మైలు అగును. 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశములో దీని విలువ 1,852 మీటర్లుగా నిర్ణయింపబడినది. గంటకు ఒక నాటికల్ మైలు వేగమును ఒక నాట్ అంటారు. నావికులు వాడిన ఈ కొలతను విమాన చోదకులు కూడ స్వీకరించిరి. అక్షాంశ రేఖాంశాలతో నేరుగా పొసగుటయే ఇందుకు ముఖ్య కారణము.

విమానము వాస్తవముగా ఎగురు దూరము

164 కిలోమీటర్లు అనేది కనీస దూరము. ఏ విమానమైనను సరిగ్గా ఇంతే ఎగురుట అరుదు. విమానాలు గాలికి ఎదురుగా పైకి లేచును, గాలికి ఎదురుగానే దిగును. విశాఖపట్నం రన్‌వే ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉన్నది. రాజమండ్రి ఇక్కడినుండి పశ్చిమ నైరుతి దిశలో ఉన్నది. గాలి తూర్పునుండి వీచునపుడు విమానము మొదట సముద్రమువైపు లేచి, పిమ్మట వెనుకకు తిరిగి గమ్యము వైపు సాగవలెను. దిగునపుడు కూడ రన్‌వే వరుసలోనికి వచ్చుటకు కొంత చుట్టు తిరుగవలెను. నియంత్రణ కేంద్రము నిర్దేశించిన మార్గాలను, వర్షమేఘాలను అనుసరించి ఈ దూరము మరికొంత పెరుగును.

సుదీర్ఘ ప్రయాణములో ఈ అదనపు దూరము లెక్కలోనికి రాదు. ప్రయాణము చిన్నదైన కొలది దాని వాటా పెరుగును. గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగముతో పోగల ఏ.టి.ఆర్.-72 వంటి టర్బోప్రాప్ విమానానికి 164 కిలోమీటర్లు సుమారు 20 నిమిషాల దారి. కాని పైకి ఎక్కుటకు, క్రిందికి దిగుటకు, నేలపై నడచుటకు పట్టు కాలమును కలిపినచో మొత్తము దీనికి మించిపోవును. పైకి ఎక్కునపుడు ఇంధన వ్యయము అధికముగా ఉంటుంది. విమానాశ్రయ రుసుములు దూరముతో నిమిత్తము లేకుండ ప్రతి ప్రయాణానికి చెల్లించవలసినవే. అందుచేత కిలోమీటరుకు అయ్యే ఖర్చు తక్కువ దూరాలలో ఎక్కువగా ఉంటుంది.

రైలు, రోడ్డు దూరాలతో పోలిక

విశాఖపట్నం – రాజమండ్రి రైలు దూరము 201 కిలోమీటర్లు. స్టేషన్ల మధ్య గగన దూరమైన 180తో పోల్చిన ఇది సుమారు 12 శాతము మాత్రమే ఎక్కువ. కోస్తా మైదానములో రైలు మార్గము పెద్ద వంపులు లేకుండ సాగుటయే కారణము. అనకాపల్లి, తుని, సామర్లకోట ఈ దారిలోనివి. జాతీయ రహదారి కూడ అనకాపల్లి, తుని మీదుగానే పోవును.

2023 జనవరి 15న ప్రారంభమైన విశాఖపట్నం – సికింద్రాబాద్ వందే భారత్ ఎక్స్‌ప్రెస్ ఈ దూరమును రెండు గంటలకు కొంచెము పైగా సమయములో దాటును. విమాన ప్రయాణికుడు గంట లేదా అంతకు ముందే విమానాశ్రయము చేరవలెను. దిగిన తరువాత మధురపూడి నుండి నగరానికి 18 కిలోమీటర్లు రోడ్డుపై వెళ్ళవలెను. కావున ఈ రెండు నగరాల మధ్య విమానము వలన ఆదా అయ్యే కాలము దాదాపు శూన్యము. చోడవరం నివాసికి ఇది మరింత స్పష్టము. రాజమండ్రి వెళ్ళుటకు అతడు ముందుగా విశాఖపట్నం విమానాశ్రయానికి, అనగా గమ్యానికి వ్యతిరేక దిశలో, 31 కిలోమీటర్లకు పైగా ప్రయాణించవలెను. అదే కాలములో అనకాపల్లిలో రైలు ఎక్కి తుని వైపు సాగిపోవచ్చును.

కొండల ప్రభావము

దూరము ఒక్కటే విమానము యొక్క ప్రయోజనమును నిర్ణయించదు. ఒడిషాలోని జయపురం విమానాశ్రయము విశాఖపట్నం విమానాశ్రయము నుండి సుమారు 147 కిలోమీటర్ల గగన దూరములో ఉన్నది. ఇది రాజమండ్రికంటె దగ్గర. కాని నడుమ తూర్పు కనుమలు ఉన్నవి. రోడ్డు ఘాట్ల మీదుగా మెలికలు తిరుగుచు 200 కిలోమీటర్లు దాటును.

కనుమలలో దారి ఎంత పెరుగునో అరకు ఉదాహరణ తెలుపును. విశాఖపట్నం నుండి అరకు గగన దూరము సుమారు 81 కిలోమీటర్లు. కొత్తవలస – కిరండూల్ మార్గములో రైలు దూరము సుమారు 130 కిలోమీటర్లు. అనగా నేరు దూరముకంటె సుమారు 60 శాతము ఎక్కువ. మైదానములోని 12 శాతముతో దీనిని పోల్చవలెను. ఈ కొండ మార్గము మొత్తములో 58 సొరంగాలు కలవు. ఇట్టి చోట్ల చిన్న విమానమైనను పూట ప్రయాణమును గంట లోపునకు తగ్గించగలదు. జయపురంలో 2022లో ఉడాన్ పథకము క్రింద తొమ్మిది సీట్ల విమానముతో సేవలు ప్రారంభమైనవి.

దూరముపై ఆధారపడిన నిబంధనలు

గగన దూరము ప్రభుత్వ నిర్ణయాలకు కూడ ఆధారము. వీటిలో రెండు ముఖ్యమైనవి.

* '''ఉడాన్ పథకము:''' 2016 అక్టోబరులో ప్రకటించిన ఈ ప్రాంతీయ విమాన పథకము మొదటి నిబంధనలలో మార్గము పొడవు 200 నుండి 800 కిలోమీటర్ల మధ్య ఉండవలెనని నిర్దేశించిరి. కొండ ప్రాంతాలకు, ద్వీపాలకు, మారుమూల ప్రాంతాలకు కనీస దూరము నుండి మినహాయింపు ఇచ్చిరి. 2017 ఏప్రిల్ 27న ప్రారంభమైన తొలి మార్గాలలో కడప – హైదరాబాదు ఒకటి. దాని గగన దూరము సుమారు 303 కిలోమీటర్లు. విశాఖపట్నం – రాజమండ్రి దూరము ఆ 200 కిలోమీటర్ల కనీస పరిమితిని అందుకొనదు.
* '''గ్రీన్‌ఫీల్డ్ విమానాశ్రయ విధానము:''' 2008 నాటి ఈ విధానము ప్రకారము, ఉన్న పౌర విమానాశ్రయము నుండి 150 కిలోమీటర్ల గగన దూరము లోపల కొత్త విమానాశ్రయమును ప్రతిపాదించినపుడు, పాతదానిపై పడే ప్రభావమును పరిశీలించి కేంద్ర ప్రభుత్వము ఒక్కొక్క ప్రతిపాదనపై విడిగా నిర్ణయము తీసుకొనును. విశాఖపట్నం – రాజమండ్రి దూరము ఈ పరిమితికి మించి ఉన్నది. రాజమండ్రి – విజయవాడ (గన్నవరం) దూరము మాత్రము సుమారు 126 కిలోమీటర్లు. అయితే ఈ రెండును ఆ విధానముకంటె ముందు నుండి ఉన్నవే.

భోగాపురం విమానాశ్రయము, చోడవరం

విజయనగరం జిల్లా భోగాపురం వద్ద తలపెట్టిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయము, విశాఖపట్నం విమానాశ్రయానికి గగన దూరములో సుమారు 42 కిలోమీటర్లు. ఇది 150 కిలోమీటర్ల పరిమితికి చాలా లోపల ఉన్నది. నౌకాదళ స్థావరములోని పౌర విమాన సేవలను ఇక్కడికి తరలించవలెననే ఉద్దేశముతో దీనిని రూపొందించిరి. నిర్మాణ, నిర్వహణ ఒప్పందము జి.ఎం.ఆర్. సంస్థతో 2020 జూన్ 12న కుదిరినది. శంకుస్థాపన 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరొకసారి జరిగినది. హైదరాబాదులో 2008 మార్చిలో వాణిజ్య విమానాలు బేగంపేట నుండి శంషాబాదుకు తరలినపుడు విమానాశ్రయము మారిన దూరము సుమారు 25 కిలోమీటర్లు మాత్రమే.

ఈ 42 కిలోమీటర్ల మార్పు అందరికి ఒకే విధముగా ఉండదు:

* శ్రీకాకుళం నుండి విశాఖపట్నం విమానాశ్రయము సుమారు 96 కిలోమీటర్లు, భోగాపురం సుమారు 55 కిలోమీటర్లు. దూరము ఇంచుమించు సగమునకు తగ్గును.
* చోడవరం నుండి విశాఖపట్నం విమానాశ్రయము సుమారు 31 కిలోమీటర్లు, భోగాపురం సుమారు 60 కిలోమీటర్లు. దూరము ఇంచుమించు రెట్టింపగును.

పైవి గగన దూరాలు. రోడ్డు దూరాలు వీటికంటె ఎక్కువగా ఉండును. భోగాపురం చోడవరానికి దూరమైనను రాజమండ్రి దగ్గర కాదు. 144 కిలోమీటర్ల దూరములోని రాజమండ్రికంటె 60 కిలోమీటర్ల దూరములోని భోగాపురమే చేరువ. అందుచేత చోడవరం, మాడుగుల ప్రాంతాల ప్రజలకు, ముఖ్యముగా చికిత్స కొరకు, చదువు కొరకు, ఉద్యోగము కొరకు దూరప్రాంతాలకు పోవువారికి, విమానాశ్రయముకంటె విమానాశ్రయానికి చేర్చు రోడ్డు ముఖ్యమగును. అనకాపల్లి నుండి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం చేరు ఆరు వరుసల రహదారి ఇందుకు ఉపయోగపడును. చోడవరం నుండి సబ్బవరం చేరి, విశాఖపట్నం నగరములోనికి పోకుండ, ఈ రహదారిపై ఆనందపురం మీదుగా భోగాపురం వెళ్ళవచ్చును. నగరపు రద్దీ తప్పుటచే, దూరము రెట్టింపైనను ప్రయాణ కాలము అదే నిష్పత్తిలో పెరగకపోవచ్చును. అయితే చోడవరం నుండి సబ్బవరం వరకు గల బి.ఎన్. రోడ్డు స్థితిపై ఈ ప్రయోజనము ఆధారపడి ఉన్నది. నేరు బస్సు లేనిచో సొంత వాహనము లేనివారికి ఆ ప్రయోజనము అందదు.

దూరాల పట్టిక

గగన దూరాలు (సుమారుగా, కిలోమీటర్లలో):

* విశాఖపట్నం – రాజమండ్రి: 164
* విశాఖపట్నం – జయపురం: 147
* విశాఖపట్నం – భోగాపురం: 42
* రాజమండ్రి – విజయవాడ: 126
* విశాఖపట్నం – విజయవాడ: 290
* చోడవరం – విశాఖపట్నం: 31
* చోడవరం – భోగాపురం: 60
* చోడవరం – రాజమండ్రి: 144

విశాఖపట్నం – రాజమండ్రి, రాజమండ్రి – విజయవాడ దూరాల మొత్తము 290 కిలోమీటర్లు. విశాఖపట్నం – విజయవాడ నేరు దూరము కూడ ఇంచుమించు అంతే. అనగా ఈ మూడు విమానాశ్రయాలు దాదాపు ఒకే సరళ రేఖపై ఉన్నవి.

ఇవి కూడా చూడండి

* చోడవరం
* విశాఖపట్నం విమానాశ్రయం
* రాజమండ్రి విమానాశ్రయం
* అక్షాంశ రేఖాంశాలు
* నాటికల్ మైలు
* కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం